"తాత పడుకున్నడు" అంటే "స్లెప్ట్" ఎందుకు కాదు? – ప్రెజెంట్ కంటిన్యువస్‌తో తిప్పలు

పరకాల_అమ్మ | రాత్రి 8:12

అందరికీ నమస్తే. 2022-23లో తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటో తరగతి నుంచి ఇంగ్లిష్ మీడియం పెట్టినప్పుడు మా పాప ఒకటో తరగతి. మా ఊరి బడిలో మొదటి బ్యాచ్ వీళ్లదే. నేను పది దాకా తెలుగు మీడియం. ఇన్నేళ్లూ ఎట్లనో నెట్టుకొచ్చిన గానీ ఇప్పుడు గ్రామర్ దగ్గర బండి ఆగింది.

నిన్నటి హోంవర్క్: "ఇంట్లో ఇప్పుడు ఎవరేం చేస్తున్నారో చూసి పది వాక్యాలు రాయండి." పాప నోట్‌బుక్ పట్టుకొని ఇల్లంతా తిరిగింది. నేను రొట్టెలు చేస్తున్నా. "మదర్ ఈజ్ మేకింగ్ రొట్టె" అని రాసింది, టిక్కు పడ్డది. తమ్ముడు టీవీ చూస్తున్నడు, దానికీ టిక్కు. మా మామ మంచంల పడుకున్నడు. "గ్రాండ్‌ఫాదర్ స్లెప్ట్" అని రాసింది. ఎర్ర గీత. తెల్ల అంగీ వేసుకున్నడని "హి వోర్ వైట్ షర్ట్" అని రాసింది. మళ్లీ ఎర్ర గీత. ఆఖర్న "ఐ యామ్ హావింగ్ వన్ బ్రదర్" అని రాస్తే దాని మీద గీత ఎంత గట్టిగ పడ్డదంటే కింద పేజీకి కూడా దిగింది.

పడుకున్నడు అంటే అయిపోయిన పనే కదా? తిన్నడు, పోయిండు, పడుకున్నడు అన్నీ ఒక్క తీరుగనే ఉన్నయి. పాప అడుగుతుంటే నా దగ్గర జవాబు లేదు. ఎవరన్న జర చెప్పండి.

ఒక్కమాట | రాత్రి 8:19

చాలా సింపుల్ అక్కా. తెలుగులో "తున్నా" వస్తే ఇంగ్లిష్‌లో "ఇంగ్" పెట్టాలి. యామ్, ఈజ్, ఆర్ ముందు రావాలి. అంతే.

పరకాల_అమ్మ | రాత్రి 8:23

అదే చెప్పిన తమ్మీ పాపకు. "పడుకున్నడు"ల "తున్నా" ఎక్కడుంది? అయినా సార్ "ఈజ్ స్లీపింగ్" అని దిద్దిండు.

ఒక్కమాట | రాత్రి 8:24

అది ఎక్సెప్షన్.

చాక్‌పీసు_ముక్క | రాత్రి 9:05

ఎక్సెప్షన్ కాదు. ముప్పై ఏళ్లు ఇంగ్లిష్ చెప్పి హన్మకొండలో రిటైరై కూర్చున్నాను. ఈ ఒక్క తప్పును ఎన్ని నోట్‌బుక్కుల్లో దిద్దానో లెక్క లేదు. నిజం చెప్పాలంటే సర్వీసులో మొదటి పదేళ్లు నేను కూడా "ఎక్సెప్షన్" అనే చెప్పేవాణ్ని.

"తాత పడుకున్నడు" అన్నప్పుడు మనం రెండు సంగతులు ఒకే మాటలో చెబుతున్నాం. మంచం మీద ఒరగడం అయిపోయింది, ఆ స్థితి ఇంకా నడుస్తోంది. తెలుగు మొదటిదాన్ని పట్టుకొని మాట కట్టింది. ఇంగ్లిష్ రెండోదాన్ని పట్టుకుంది. కళ్లు మూసుకొని ఉన్నాడు కాబట్టి "ఈజ్ స్లీపింగ్". నిద్రపోకుండా ఊరికే ఒరిగి ఉంటే "ఈజ్ లయింగ్ డౌన్".

ఇలాంటి మాటలు ఎక్కువ లేవు. దాదాపు అన్నీ మనిషి ఒంటికి సంబంధించినవే. కూర్చున్నాడు, నిలబడ్డాడు, ఆనుకున్నాడు, వేసుకున్నాడు, చేత్తో పట్టుకున్నాడు. ఫొటోలో మనిషిని చూసి చెప్పే మాటలన్నమాట. ఇంగ్లిష్‌లో ఇవన్నీ "ఇంగ్"తోనే: సిట్టింగ్, స్టాండింగ్, లీనింగ్, వేరింగ్, హోల్డింగ్.

పాపకు ఒక పరీక్ష నేర్పించండి. ఆ మాటకు "ఇంకా ... ఏ ఉన్నడు" తగిలించి చూడాలి. "ఇంకా పడుకునే ఉన్నడు" అనొచ్చు. "ఇంకా వేసుకునే ఉన్నడు", "ఇంకా నిలబడే ఉన్నడు" కూడా అనొచ్చు. "ఇంకా తినే ఉన్నడు" అంటామా? అనం. "ఇంకా పోయే ఉన్నడు"? అదీ అనం. అతికితే "ఇంగ్" పెట్టాలి. అతకకపోతే అది నిజంగా అయిపోయిన పని, "ఏట్", "వెంట్" అని రాసుకోవచ్చు.

హావింగ్ సంగతి రేపు చెప్తాను. ఇంట్లో అన్నానికి పిలుస్తున్నారు.

విజయవాడ_వైపు | రాత్రి 9:31

సారు రేపు వచ్చేలోగా నా గోడు కూడా వినండి. 2009లో పెళ్లయి హన్మకొండ వచ్చాను. కొత్తలో ఒక సాయంత్రం అత్తమ్మ వంటింట్లోంచి "వాన వస్తాంది, బట్టలు తియ్యి" అని కేకేశారు. నాకు "వస్తుంది"లా వినబడింది. వస్తుందిలే, వచ్చినప్పుడు తీద్దాం అని కూర్చున్నాను. దండెం మీద బట్టలన్నీ తడిసి ముద్దయ్యాయి. ఆవిడేమో వాన పడుతుంటే చూస్తూ కూర్చున్నానని అనుకున్నారు.

మా ఆయనతో ఫోన్లో కూడా ఇదే గొడవ. "ఎక్కడున్నారు?" అంటే "వస్తాన" అంటారు. నాకు "వస్తాను" అనిపించి, ఇంకా బయల్దేరలేదేమో అనుకుని పొయ్యి కట్టేసేదాన్ని. రెండు నిమిషాల్లో తలుపు కొట్టేవారు. "వస్తా" అంటే తర్వాత, "వస్తాన" అంటే దారిలో ఉన్నట్టని తెలిసేసరికి ఏడాది పట్టింది.

కాజీపేట_జంక్షన్ | రాత్రి 9:48

😀 వదినా, మీరు చెప్పిన "వస్తాన"తోనే ఈ అక్క సమస్య సగం తీరుతది.

మా ఓరుగల్లు, కరీంనగర్ దిక్కు మాట్లాడేది గమనించండి. "బస్సు రోజూ ఏడింటికి వస్తది", "బస్సు వస్తాంది, లెవ్". "ఆడు పొద్దుగాల చాయ్ తాగుతడు", "ఆడు చాయ్ తాగుతాండు". "వాళ్లు ఐతారం చర్చికి పోతరు", "వాళ్లు చర్చికి పోతాన్రు". మధ్యల ఒక "ఆన" చేరితే ఆ పని ఇప్పుడు నడుస్తాందన్నట్టు. ఇంగ్లిష్‌ల "కమ్స్", "ఈజ్ కమింగ్" తేడా అచ్చంగ ఇదే. పుస్తకాల తెలుగుల "వస్తోంది" ఉంది గానీ మాట్లాడేటప్పుడు చాలామంది రెండిటికీ "వస్తుంది" అనే అంటరు. పిల్లలు అక్కడనే గల్లంతైతాన్రు. మన పిల్లలకు మాత్రం ఆ తేడా పుట్టుకతోనే నాలిక మీద ఉంది. బడికి పోయినంక దాన్ని మర్చిపొమ్మంటరు.

శుద్ధ_భాష | రాత్రి 10:02

పిల్లలకు యాసతో వ్యాకరణం నేర్పిస్తే ఇంగ్లిష్ రాకపోగా ఉన్న తెలుగు కూడా పాడవుతుంది. బడిలో "వస్తున్నది" అని నేర్పితే సరిపోతుంది కదా.

కాజీపేట_జంక్షన్ | రాత్రి 10:06

నేర్పొద్దని ఎవరన్నరన్నా? ఇంట్ల అమ్మ "ఏం చేస్తానవ్ బిడ్డా" అంటది. బిడ్డ దానికి ఇంగ్లిష్‌ల జవాబు చెప్పాలె. మధ్యల "వస్తున్నది" అనే మూడో మాటకు పోయి రావుడు ఎందుకు?

చాక్‌పీసు_ముక్క | ఉదయం 6:40

రాత్రి చర్చ చాలా దూరం పోయింది. శుద్ధ భాష గారూ, మీ భయం నాకు అర్థమైంది. పరీక్షలో తెలుగు పేపరుకు "వస్తున్నది" రాయాల్సిందే. కానీ ఇంగ్లిష్ క్లాసులో నాకు కావాల్సింది పిల్లవాడి మనసులో ఆ తేడా వెలగడం. అది ఏ మాటతో వెలిగితే నాకు ఆ మాటే ముద్దు.

ఇంకో సంగతి కలుపుతాను. కాదు అని చెప్పేటప్పుడు మన దిక్కు మాట ఇంకా గొప్పగా పనికొస్తుంది. "పిల్లగాడు గుడ్డు తినడు" అంటే వాడికి ఆ అలవాటు లేదు, "డజ్ నాట్ ఈట్". "పిల్లగాడు అన్నం తింటలేడు" అంటే ఈ మధ్య తినడం లేదు, "ఈజ్ నాట్ ఈటింగ్". డాక్టరు దగ్గర ఈ రెండూ తారుమారైతే మందే మారిపోతుంది. "పోను", "పోతలేను". "రాడు", "వస్తలేడు". ఆ "లే" వినబడిందా, ఇంగ్లిష్‌లో "నాట్" పక్కన "ఇంగ్" పెట్టొచ్చు.

పిల్లలు చేసే ఇంకో తప్పు యామ్, ఈజ్ ఎగరగొట్టడం. "షి గోయింగ్ స్కూల్" అని రాస్తారు. "చేస్తున్నాను"ను విడదీస్తే "చేయుచు", "ఉన్నాను" వస్తాయి. ఆ "ఉన్నాను"ది ఏ పనో ఇంగ్లిష్‌లో "యామ్"ది అదే పని. "షి గోయింగ్" అని రాసిన పిల్లను "ఆమె బడికి పోతూ..." అని చెప్పి అక్కడే ఆపేయమంటాను. క్లాసంతా "పోతూ? పోతూ ఏమైంది?" అని అడుగుతుంది. ఆ పిల్ల మళ్లీ ఈజ్ మర్చిపోదు.

మంచిర్యాల_టు_మెల్‌బోర్న్ | ఉదయం 7:15

హావింగ్ గురించి నేను చెప్తా సార్, నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో బాగా నలిగిన మాట అది.

అక్కా, ఒక చిట్కా. తెలుసు, కావాలి, ఇష్టం, అవసరం. వీటికి తెలుగులోనే "తాన" తగలదు. "నాకు తెలుస్తాన" అనం కదా. ఇంగ్లిష్ కూడా వీటికి "ఇంగ్" పెట్టనివ్వదు. నో, వాంట్, లైక్, నీడ్, అంతే. "ఐ యామ్ నోయింగ్" తప్పు. "నాకు తమ్ముడున్నడు" కూడా ఇదే గుంపు. తమ్ముడుండుడు ఒక పని కాదు, ఉన్న సంగతి. కాబట్టి "ఐ హావ్ వన్ బ్రదర్".

కానీ "హావ్" అంటే తినుడు అని అర్థమున్నప్పుడు అది పనే. "వి ఆర్ హావింగ్ లంచ్" అంటే ఎవ్వరూ గీత పెట్టరు. "థింక్" కూడా అంతే. నా అభిప్రాయం చెప్తే "ఐ థింక్". ఇల్లు కొనాలా వద్దా అని కిందామీదా పడుతుంటే "ఐ యామ్ థింకింగ్ అబౌట్ ఇట్".

చిట్కా ఫెయిలయ్యే చోట్లు కూడా ఉన్నయి. "అర్థమైతాంది", "కనిపిస్తాంది", "వినిపిస్తాంది" అని మనం తాంది పెట్టి చెప్తం. ఇంగ్లిష్‌ల "ఐ అండర్‌స్టాండ్", "ఐ కెన్ సీ", "ఐ కెన్ హియర్". మన దిక్కు నుంచి వచ్చిన వాళ్లందరం మీటింగుల్ల "ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్" అంటం. ఇక్కడోళ్లకు అర్థమైతది గానీ చెవికి కొంచెం తేడాగ తగులుతది.

ఒక్కమాట | ఉదయం 7:22

మరి మెక్‌డొనాల్డ్స్ వాళ్లు "ఐయామ్ లవింగ్ ఇట్" అంటారు కదా. వాళ్లకు గ్రామర్ రాదా?

మంచిర్యాల_టు_మెల్‌బోర్న్ | ఉదయం 7:41

మంచిగ అడిగినవ్. ఆ మాటను వాళ్లు 2003లో తెచ్చిన్రు. కావాలనే అట్ల పెట్టిన్రనిపిస్తది నాకు. "ఐ లవ్ ఇట్" అంటే ఎప్పుడూ ఇష్టమే అన్నట్టు. "లవింగ్" అంటే ఇదిగో ఇప్పుడు, ఈ ముద్ద నోట్లున్నప్పుడు అని. మాట్లాడేటోళ్లు అట్ల సరదాగ సాగదీస్తరు. అయిదో తరగతి నోట్‌బుక్‌ల మాత్రం ఎర్ర గీతే.

దర్రీ_దారం | ఉదయం 9:10

మాది కొత్తవాడ. వరంగల్ దర్రీలకు (నేత జంపఖానాలకు) 2018లో జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు, వచ్చింది, ఆ దర్రీలు నేసే ఇల్లు మాది. స్పెల్లింగ్ గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి ఎత్తుతున్నా.

నేను ఎనిమిదో తరగతిలో "మై ఫాదర్" అని వ్యాసం రాశాను. మా నాన్న నూలుకు రంగు అద్దుతుంటాడు. పొద్దంతా చేతులు మోచేతుల దాకా ఎర్రగా, ఒక్కోనాడు నీలంగా ఉండేవి. "మై ఫాదర్ ఈజ్ డయింగ్ కాటన్ థ్రెడ్" అని రాద్దామనుకుని, డీ-వై-ఐ-ఎన్-జీ అని రాశాను. టీచర్ నన్ను పక్కకు పిలిచి, భుజం మీద చెయ్యేసి, "నాన్నకు ఎట్లుందిరా?" అని మెల్లగా అడిగింది. నేను "మంచిగనే ఉన్నడు మేడం, రంగులేస్తాండు" అన్నాను. ఆమె నోట్‌బుక్ వంక, నా వంక రెండు మూడుసార్లు చూసింది.

రంగు అద్దడానికి డీ-వై-ఈ. దానికి "ఇంగ్" కలిపినప్పుడు ఆ "ఈ" అట్లనే ఉంచాలి. చావుకు డీ-ఐ-ఈ. దానికి కలిపితే ఐ, ఈ రెండూ పోయి వై వస్తుంది. నోటితో చెప్తే రెండూ ఒకటే. ఆ ఒక్క "ఈ" లేక మా నాన్న ఆ పూట చావుబతుకుల్లో పడ్డాడు.

చాక్‌పీసు_ముక్క | ఉదయం 9:34

ఈ కథ నా సర్వీసులో తెలిసి ఉంటే ప్రతి ఏడాదీ క్లాసులో చెప్పేవాణ్ని తమ్ముడూ.

మిగతా స్పెల్లింగ్ త్వరగా చెప్పేస్తాను. చివర పలకని "ఈ" ఉంటే రాలిపోతుంది: మేక్, మేకింగ్. రన్, సిట్, కట్ లాంటి పొట్టి మాటలకు చివరి అక్షరం రెండుసార్లు వస్తుంది. "విజిట్"కు మాత్రం రెండుసార్లు రాదు, ఎందుకంటే నొక్కి పలికేది "వి" దగ్గర. "బిగిన్"లో "గిన్" దగ్గర నొక్కుతాం కాబట్టి రెండు ఎన్‌లు. "ట్రావెలింగ్"కు మన పుస్తకాల్లో రెండు ఎల్‌లు, అమెరికా వాళ్లకు ఒకటే. ఫోన్ ఎర్ర గీత పెట్టినా భయపడక్కర్లేదు.

కాజీపేట_జంక్షన్ | మధ్యాహ్నం 1:20

ఇంకోటి. ఈ టెన్స్ ఇప్పటి పనికే కాదు, రేపటి పనికి కూడా వస్తది. స్టేషన్ల మైకు ఇనుండ్రి. తెలుగుల "మరి కొద్దిసేపట్లో ఒకటో నంబర్ ప్లాట్‌ఫారం మీదికి వచ్చును" అంటది. అదే ఇంగ్లిష్‌ల "ఈజ్ అరైవింగ్ షార్ట్‌లీ". బండి ఇంక కనపడనే లేదు, "అరైవింగ్" అంటాన్రేంది అని చిన్నప్పుడు పట్టాల దిక్కు వంగి వంగి చూసేటోణ్ని.

మనం కూడా అంటం కదా, "ఎల్లుండి మేడారం పోతాన" అని. టికెట్టో, బండో, తోడో ఖాయమైనంకనే అంటం. ఖాయం కాకుంటే "పోదామనుకుంటాన" అంటం. "ఐ యామ్ గోయింగ్ టు మేడారం ఆన్ ఫ్రైడే" అన్నా అంతే, ఏర్పాటు అయిపోయినట్టు. ఇక్కడ తెలుగూ ఇంగ్లిషూ అన్నదమ్ముల లెక్క కలిసి నడుస్తయి.

నేను దెబ్బ తిన్నది మాత్రం ఇంటర్వ్యూల. "వాట్ డజ్ యువర్ ఫాదర్ డూ?" అని అడిగిన్రు. "మై ఫాదర్ ఈజ్ డూయింగ్ అగ్రికల్చర్" అన్న. పెద్దాయన వాచీ చూసుకొని "నౌ?" అన్నడు. పక్కోళ్లు నవ్విన్రు. నిజానికి ఆ టైంకు మా నాయిన ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాల మీద కూసోనే ఉన్నడు, కాంటా ఎప్పుడైతదా అని. అది చెప్పొచ్చేమో గానీ నాకు చెమటలు పట్టినయి. ఎప్పటికీ ఉండే పనికి "హి ఈజ్ ఎ ఫార్మర్" అంటే చాలు అని తర్వాత తెలిసింది.

తర్వాత "మూడేండ్ల సంది ప్రిపేర్ అయితాన" అని చెప్పబోయి "ఐ యామ్ ప్రిపేరింగ్ సిన్స్ త్రీ ఇయర్స్" అన్న. అది కూడా తప్పేనట.

చాక్‌పీసు_ముక్క | మధ్యాహ్నం 1:52

ఆ "సంది" వినబడితే ఈ టెన్స్‌ను పక్కన పెట్టాలి. "సంది", "నుంచి", "గా" అంటే వెనుక ఎప్పుడో మొదలైందని చెప్పినట్టు. యామ్, ఈజ్, ఆర్‌లకు వెనక్కి చూసే చూపు లేదు. "ఐ హావ్ బీన్ ప్రిపేరింగ్ ఫర్ త్రీ ఇయర్స్" అనాలి. ఎంత కాలమో చెప్తే "ఫర్", మొదలైన రోజో ఏడాదో చెప్తే "సిన్స్". తెలుగులో ఇప్పుడు చదివేదానికీ, మూడేళ్ల సంది చదివేదానికీ "చదువుతాన" అనే అంటాం కాబట్టి మన దిక్కు మాట ఇక్కడ సాయం చేయదు. దీన్ని విడిగా నేర్చుకోవాల్సిందే.

విజయవాడ_వైపు | మధ్యాహ్నం 2:30

ఒకటి అడగొచ్చా సార్? "మా అబ్బాయి ఎప్పుడు చూసినా ఫోన్ చూస్తుంటాడు" అనేది రోజూ జరిగే పని. దానికి "ఈజ్ ఆల్వేస్ లుకింగ్ అట్ హిజ్ ఫోన్" అని మా వాడి పుస్తకంలో ఉంది. అలవాటుకు "ఇంగ్" ఎందుకు పెట్టారు?

చాక్‌పీసు_ముక్క | మధ్యాహ్నం 2:44

విసుగు చూపించడానికమ్మా. "ఆల్వేస్ లుక్స్" అంటే సమాచారం. "ఈజ్ ఆల్వేస్ లుకింగ్" అంటే మీరు చేటతో వెంటపడ్డట్టు. మీరన్న "చూస్తుంటాడు"లో కూడా ఆ చేట కనిపిస్తూనే ఉంది.

పరకాల_అమ్మ | రాత్రి 7:55

అందరికీ దండాలు. బడి నుంచి రాగానే పాపను కూసోబెట్టి అన్నీ చెప్పిన. "ఇంకా పడుకునే ఉన్నడు" పరీక్ష మస్తు నచ్చింది దానికి. ఇంట్ల ఉన్న ప్రతి మాటకూ తగిలించి చూసింది. "ఇంకా ఉడికే ఉన్నది" అనరాదు కదా అని అన్నం గిన్నె దగ్గర కూడా ఆగింది.

వాక్యాలు మళ్లా రాసింది. "గ్రాండ్‌ఫాదర్ ఈజ్ లయింగ్ ఆన్ ద కాట్. హి ఈజ్ వేరింగ్ ఎ వైట్ షర్ట్. హి ఈజ్ నాట్ స్లీపింగ్." మూడోది నేను చెప్పలేదు. కండ్లు తెరిచే ఉన్నయి కాబట్టి అట్ల రాసిందట. "ఐ హావ్ వన్ బ్రదర్. హి ఈజ్ ఆల్వేస్ టేకింగ్ మై పెన్సిల్." ఇది వదిన అడిగిన దాంట్లకెల్లి ఎత్తుకున్నది.

ఒక్క అనుమానం మిగిలింది సార్. ఆమె రాసేటప్పుడు మామ మంచంల ఉన్నడు. సార్ రేపు దిద్దేటప్పటికి ఆయన పొలం కాడ ఉంటడు. "మరి అప్పటికి ఇది తప్పైతదా?" అని అడుగుతాంది. నాకు నవ్వొచ్చింది గానీ జవాబు రాలేదు.

చాక్‌పీసు_ముక్క | రాత్రి 8:20

తప్పు కాదు. "ఇప్పుడు" అంటే దిద్దే సారుది కాదు, రాసిన మనిషిది. పేజీ మీద తేదీ వేసి, పక్కన "సాయంత్రం ఆరు" అని కూడా రాయమనండి. ముప్పై ఏళ్లలో ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదమ్మా.

ఒక్కమాట | రాత్రి 8:26

నా మొదటి పోస్టు ఎడిట్ చేద్దామంటే ఆప్షన్ రావట్లేదు. అందరూ దాన్ని వదిలేయండి.